మధ్యలో మనిషి లేకుండా

“ఈ గుమ్మం చూడగానే నాకు తల తిరిగింది. వద్దండీ,” అంది లెక్కల టీచర్.

గుమ్మానికి ఏ లోటూ లేదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, పక్కన నిలబడ్డ భర్తకీ తెలుసు. బ్రోకర్ మాత్రం ముఖంలో ఏ మార్పూ లేకుండా చంకలో గొడుగు సర్దుకుని, “సరేనమ్మా, ఇంకోటి చూద్దాం,” అన్నాడు. ఎండైనా వానైనా ఆ గొడుగు వదలడు కాబట్టి అందరికీ ఆయన గొడుగాయనే. అసలు పేరు అడిగినవాళ్లు లేరు.

ఆయన కారు వైపు నడుస్తుంటే భర్త గొణిగాడు. “ఎన్నాళ్లిలా తిప్పుతావు? పెట్రోలంతా ఆయనదే, పాపం.”

“తిరగనీ. చెప్పులరిగిపోవాలి,” అంది.

ఆమె కసికి కారణం లేకపోలేదు. కిందటేడు ఇదే గొడుగాయన వాళ్లకో ఫ్లాట్ చూపించాడు. హాల్లో పెద్ద కిటికీ. పక్షవాతం వచ్చి కుర్చీకే పరిమితమైపోయిన ఆమె తండ్రికి, వాళ్లుంటున్న అద్దింట్లో కనిపించేది ఎదురింటి గోడ ఒక్కటే. “ఇక నువ్వు రోజంతా ఆకాశం చూస్తూ కూర్చోవచ్చు నాన్నా,” అని మాట కూడా ఇచ్చేసింది. తీరా అడ్వాన్సు పట్టుకెళ్తే, ఇంకో పార్టీ ఎక్కువిచ్చిందని నిన్ననే వాళ్లకి ఇప్పించేశానని చల్లగా చెప్పాడు ఆ మహానుభావుడు. తండ్రి ఒక్క మాటా అనలేదు. ఆ మౌనానికే ఆమె ఒళ్లు మండిపోయింది. మర్నాడు గొడుగాయన ఆఫీసుకెళ్లి, కొత్త పార్టీల ముందే చెడామడా తిట్టేసి వచ్చింది. అయినా కడుపుమంట చల్లారలేదు.

అందుకే ఈ ఏడాది మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లింది. కిందటిసారి నోరు జారానని క్షమాపణ కూడా చెప్పింది. “అయ్యో, అలాంటివి మనసులో పెట్టుకుంటానా అమ్మా,” అని ఆయన నవ్వేశాడు.

ఆమె ఎత్తు సులువైనదే. ఇళ్లన్నీ ఆయన చేత చూపించుకోవాలి. నచ్చింది దొరకగానే ఆయన్ని తప్పించి నేరుగా ఓనరుతో బేరం కుదుర్చుకోవాలి. కమిషన్ కోసం చెయ్యి చాపేసరికి ఆయనకి గాలి మిగలాలి. బ్రోకర్‌కి ఇంతకంటే చావుదెబ్బ లేదు.

ఆ వారమే మూడో అంతస్తు ఫ్లాట్ చూపించాడు. తలుపు తీసిన ఓనరమ్మ బొద్దుగా, కబుర్లపోగులా ఉంది. హాల్లో కిటికీ కిందటేటి దానికంటే పెద్దది. బయట ఖాళీ స్థలం, దాని అవతల రోడ్డు, ఆ పైనంతా ఆకాశం. తండ్రి కుర్చీ ఎక్కడ వెయ్యాలో టీచర్‌కి అప్పుడే తెలిసిపోయింది. సంతోషం బయటపడకుండా, “ఫరవాలేదు,” అంది ముక్తసరిగా.

“తొందరపడకండమ్మా,” అన్నాడు గొడుగాయన. “ఈ పక్క స్థలం సంగతి నేను వాకబు చెయ్యాలి. రెండు రోజులు ఆగండి.”

అంతలో ఫోన్ మోగింది. మాట్లాడుతూ మెట్ల వైపు వెళ్లాడు.

ఓనరమ్మ గొంతు తగ్గించింది. “మీకు నచ్చింది. నాకు తెలుస్తోంది లెండి. మనలో మనం తేల్చుకుంటే ఇద్దరికీ లాభమే కదా?”

టీచర్‌కి వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. “మీకూ ఆయనంటే పడదా?”

“పడకపోవడమా! చెప్పేదొకటి, చేసేదొకటి. ఆయనతో వేగలేక నా ప్రాణం విసిగిపోతోంది,” అంది ఓనరమ్మ.

“మరి ఆ ఖాళీ స్థలం?”

“నేనొచ్చినప్పట్నుంచీ అక్కడ పిచ్చిమొక్కలే.”

ఇంటికొస్తూ భర్త నసిగాడు. “ఆయన కనుక్కుంటానన్నాడుగా. రెండు రోజులేగా, ఆగుదాం.”

“ఆగే కదా కిందటేడు పోగొట్టుకున్నాం,” అంది.

మర్నాడు గొడుగాయన ఫోన్ చేస్తే, నాన్నకి ఒంట్లో బాగాలేదని, ఇల్లు కొనే ఆలోచన మానుకున్నామని చెప్పేసింది. ఫోన్ పెట్టాక పడిపడి నవ్వుకుంది. నెల తిరక్కుండా సంతకాలైపోయాయి, సామాన్లూ దిగిపోయాయి. తండ్రి కిటికీ దగ్గర కూర్చుని, చాలా కాలానికి నోరు విప్పి కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. రోడ్డు మీద వెళ్లే బస్సులు ఆయనకి కాలక్షేపం. ఇక ఆ గొడుగాయన్ని పిలిచి ఈ ఇల్లు చూపించాలి, ఆ ముఖం మాడిపోవడం చూడాలి. ఆదివారం రమ్మందామనుకుంది.

శనివారం పొద్దున్నే తండ్రి పిలిచాడు. “అమ్మాయీ, కింద ఏవో మిషన్లు వచ్చాయి చూడు.”

ఆమె కిందికి పరిగెత్తింది. అక్కడ కొలతలు వేయిస్తున్న ఇంజినీర్ తాపీగా చెప్పాడు. “తొమ్మిదంతస్తులమ్మా. మీ వైపంతా గోడే వస్తుంది. మీకు తెలీదా? ఈ వీధిలో అందరికీ తెలుసే.”

ఓనరమ్మ ఫోన్ ఎత్తలేదు. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. చివరికి సిగ్గు విడిచి గొడుగాయనకి చేసింది. అవసరం వరస కలిపించింది.

“అన్నయ్యగారూ, నేను తప్పు చేశాను. మీకు చెప్పకుండా ఆ ఫ్లాట్ కొనేశాను. పక్క స్థలం సంగతి మీకు తెలుసా?”

“తెలుసమ్మా. చెబుదామనే ఆ రోజు ఫోన్ చేశాను. మీరే మానుకున్నామన్నారు.”

“ఏదైనా చెయ్యండి. ఆవిడతో మాట్లాడి డబ్బు వెనక్కిప్పించండి. మా నాన్న మళ్లీ గోడకేసి చూస్తూ...”

“నేనెలా మాట్లాడనమ్మా? మధ్యలో నేను లేను కదా,” అన్నాడు ఎంతో మర్యాదగా.

గొడుగాయన ఫోన్ పెట్టేసి కంచం ముందు కూర్చున్నాడు. “ఎవరండీ పొద్దున్నే?” అంటూ ఆయన భార్య వంటింట్లోంచి వచ్చింది.

“నీ ఫ్లాట్ కొన్నావిడ.”