ఒక్కసారి బాగుంది అను

"ఇవాళ నువ్వు పనికి వెళ్ళేది లేదు," అంది భార్య. గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

వంటమాస్టరు చెప్పుల్లో కాలు పెట్టబోయి ఆగాడు.

"అడ్డు లేవే. పొద్దెక్కుతోంది. నేను వెళ్ళకపోతే హోటల్లో పొయ్యిలో పిల్లి లేవదు."

"లేస్తుందిలే. మీ యజమానికి నేనే ఫోను చేసి చెప్పేశాను. వారానికో రోజు సెలవు తీసుకోమని ఆయన మొత్తుకుంటున్నాడట. నువ్వే వినడం లేదట."

"నా చేతికి సాటొచ్చే చెయ్యి ఈ ఊళ్ళో ఉంటే చూపించు. వారం వారం తీసుకుంటా."

"ముప్పై ఏళ్ళుగా గోడను చూస్తూ ఒక్కదాన్నే తింటున్నాను. వారానికి ఒక్క రోజు నా ఎదురుగా కూర్చుని నాలుగు ముద్దలు తినమంటే నీ చెయ్యి అడ్డమొచ్చిందా? సరే, పందెం. ఇవాళ ఊరంతా తిరిగి తిందాం. ఎక్కడైనా ఒక్కసారి నీ నోటితో 'బాగుంది' అన్నావా, వారం వారం సెలవు పెట్టాలి. అనకపోతే నేను చచ్చేదాకా సెలవు మాటెత్తను."

మాస్టరు మీసం దువ్వాడు. "సాయంత్రం లోపల ఓడిపోతావు. పద."

మొదట రైలు స్టేషను ఎదురుగా గుడ్డు అట్టు, రొట్టె తిన్నారు. "గుడ్డు లోపల పచ్చి, బయట బొగ్గు," అన్నాడు మాస్టరు. తర్వాత అద్దాల తలుపుల హోటల్లో సూపు తాగారు. మెడకు టై కట్టుకున్న మనిషి వంగి వంగి వడ్డించాడు. మాస్టరు ఒక్క చెంచా తాగి, జాలిగా తల ఊపాడు. "వండినవాడికి జలుబు చేసినట్టుంది. పాపం, వాసన తెలియలేదు."

బజారులో చేపలు వేయించే బండి దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఆమె మోచేతులతో దారి చేసుకుని వెళ్ళి రెండు పొట్లాలు తెచ్చింది.

"నూనె నిన్నటిది. చేప మొన్నటిది."

"మరి ముల్లు కూడా మిగల్చకుండా తిన్నావేం?"

"పారేస్తే పాపం కదా!"

ఆమె పళ్ళు నూరింది. కాస్త దూరం నడిచాక తీరిగ్గా అడిగింది. "గాలి ఎలా ఉంది, చల్లగా?"

"నన్ను మాటల్లో పెట్టి అనిపించాలని చూడకు. గాలిలో కూడా ఉప్పు తక్కువే."

మిఠాయి కొట్టు, పళ్ళరసం కొట్టు, కాఫీ కొట్టు. ఎక్కడికెళ్ళినా అదే వరస. మధ్యాహ్నం రెండు దాటేసరికి ఆమె పాదాలు వాచాయి. కడుపు రాయిలా బిగుసుకుపోయింది. ఒక అరుగు మీద చతికిలబడింది.

"ఓడిపోయానని ఒప్పుకో, ఇంటికి పోదాం," అన్నాడు మాస్టరు.

"కడుపు పగిలినా ఒప్పుకోను. నడు."

గోదాముల వీధి చివర, మూటలు మోసేవాళ్ళు తినే పాక ఒకటి కనబడింది. రెండు బల్లలు, ఎండకు పైన కట్టిన టార్పాలిన్ పట్టా. ఒకావిడ అన్నం, కూర వడ్డించి రెండు పళ్ళాలు తెచ్చిపెట్టింది. మాస్టరు అలవాటు కొద్దీ కూర చుక్క అరచేతిలో వేసుకుని నాకాడు. పొయ్యి దగ్గర అలా రుచి చూసి దింపడమే తప్ప, కూరను పళ్ళెంలో పెట్టుకుని కూర్చుని తిని ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. తప్పు పట్టడానికి తెరిచిన నోటిలో మూడో ముద్ద పెట్టుకున్నాడు. పళ్ళెం ఖాళీ అయింది. వేలితో అంచు కూడా తుడిచాడు.

"బాగుంది," అన్నాడు తనలో తాను.

ఆమె ఆయన మణికట్టు పట్టేసుకుంది. "ఏమన్నావు? గట్టిగా అను!"

"బాగుందన్నాను. ఉల్లిపాయ నిదానంగా వేగింది. ఉప్పు ఎక్కడుందో తెలియకుండా ఉంది. మాట మాటే, నేను ఓడిపోయాను." మాస్టరు వడ్డించేవిడ వైపు తిరిగాడు. "ఎవరమ్మా వండింది? ఆ చెయ్యి చూడాలి."

"ఎవరో నాకేం తెలుసు బాబాయ్! కూర మేం వండం. గడియారం స్తంభం పక్కన పెద్ద హోటలుంది చూడు, అక్కణ్ణించి రోజూ ఒక పెద్ద గిన్నెడు కూర తెచ్చుకుంటాం," అని ఆవిడ పొయ్యి వైపు వెళ్ళింది.

మాస్టరు ముఖం వెయ్యి దీపాలు పెట్టినట్టు వెలిగింది. బల్ల మీద చరిచి, భార్య చెవి దగ్గర నవ్వాడు. "విన్నావా? మా హోటలే! నా కూరే! ఊరంతా గాలించి చివరికి నా చేతి వంటకే వచ్చావు. నా కూరను నేను మెచ్చుకుంటే పందెం ఓడినట్టా? ఇక జన్మలో సెలవు మాటెత్తకు."

ఆమె చేతిలోంచి ఆయన మణికట్టు జారిపోయింది. పళ్ళెం పక్కకు నెట్టింది. మళ్ళీ ఆ గోడ, ఆ ఒంటి పళ్ళెం. అయినా తల దించలేదు.

"ఎత్తనులే. కానీ ఇది విను. రేపటినుంచి నువ్వు ఇంటికొచ్చేదాకా నేను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను. ఏం చేసుకుంటావో చేసుకో!"

"నీ మొండితనం తగలెయ్య..." అంటుండగానే వడ్డించేవిడ గిన్నె చంకన పెట్టుకుని వచ్చింది. అడుగున మిగిలిన కూరంతా గరిటెతో గీకి ఆయన పళ్ళెంలో వేసింది.

"తిను బాబాయ్, మళ్ళీ దొరకదు. రోజూ సగం గిన్నె మిగిలిపోయేది. ఇవాళ అక్కడి మాస్టరు పనిలోకి రాలేదట, అరగంటలో ఊడ్చేశారు!"