తట్టని తలుపు

గుత్తి రోడ్డులోని కార్ల ఫ్యాక్టరీలో ఓబులేసు ముప్పయ్యేళ్లు తలుపులు బిగించాడు. బిగించిన ప్రతి తలుపునూ అరచేత్తో రెండుసార్లు తట్టి, "పోయిరా తల్లీ" అని సాగనంపేవాడు. ఆయన చనిపోయిన మూడేళ్లకు, కూతురు మంజులకు కారు కొందామని భార్య చౌడమ్మ షోరూముకు వచ్చింది.

"ఉద్యోగుల రాయితీ మాకింక రాదేమో పాపా?" అని భర్త పేరు చెప్పి అడిగింది.

సేల్సమ్మాయి కంప్యూటర్ తెర చూసి నవ్వింది. "ఆయనింకా డ్యూటీలోనే ఉండారమ్మా. మూడో షెడ్డులో రోబో మరచేతులు ఆయన్ని చూసి పని నేర్చుకున్నవే. తలుపును రెండుసార్లు తడతాయి కూడా. మీరు సంతకం పెడితే రాయితీ ఇస్తారు, ఆయన పనిని ఇంకో పదేళ్లు వాడుకుంటారు."

"ఆదివారం సెలవుందా?"

"మరచేతులకు సెలవెందుకమ్మా?"

రోజూ సాయంత్రం తాను ఆముదం రాసిన ఆ కుడిభుజం చౌడమ్మకు గుర్తొచ్చింది.

"సంతకం పెట్టకుంటే?"

"ఆయన నేర్పిందంతా చెరిపేస్తారు."

 చౌడమ్మ సంతకం కాగితాన్ని వెనక్కి తోసింది.

"పూర్తి ధరే కడతాం పాపా. మా ఆయప్పను ఇంటికి పంపండి."

నెలకు కారొచ్చింది. మంజుల చక్రాల కింద నిమ్మకాయలు పెడుతోంది. ఈ తలుపును ఎవరూ తట్టలేదని చౌడమ్మకు తెలుసు. అరచేత్తో మెల్లగా రెండుసార్లు తట్టింది.

"పోయిరా సామీ" అంది.