తాబేలక్క బురద శాస్త్రం

ఏటి బురదను ఏళ్ల తరబడి పరీక్షించిన తాబేలు ఒకటి ఉండేది. గుడ్లు పెట్టే కాలం రాగానే తీతువు పిట్టలన్నీ దాని దగ్గరికి వచ్చాయి.

"తాబేలక్కా, ఈసారి ఏరు ఇసుక తిన్నెల మీదికి వస్తుందా?"

తాబేలు మెడ సాచి మొదలుపెట్టింది. "బురద రుచి చూసి వరదను పసిగట్టే పద్ధతులు మూడు రకాలు. మొదటి దాంట్లో లోపం ఏమిటంటే..."

రెండో పద్ధతికి వచ్చేసరికి సగం పిట్టలు కునికిపాట్లు పడుతున్నాయి. మిగతావి గుడ్ల కోసం ఇసుకలో గుంటలు గోకడం మొదలుపెట్టాయి.

ఒక పిట్టకు మాత్రం ఒళ్లు మండింది. "అక్కా, నీ గుడ్లు ఎక్కడ పెట్టావో అది చెప్పు, చాలు!"

"మిట్ట మీద. ఎందుకంటే రెండో పద్ధతిలో..."

ఆ మాట పూర్తయ్యేలోగా పిట్టలన్నీ మిట్ట మీద వాలాయి.

వానలకు ఏరు పొంగి తిన్నెలన్నీ మునిగాయి. పిట్టలు మిట్ట మీద వెచ్చగా గుడ్లు పొదుగుతూ కూర్చున్నాయి. వాటికి కదిలే వీలూ లేదు, వేరే పనీ లేదు.

"అక్కా, ఆ బురద సంగతి ఇప్పుడు తీరిగ్గా చెప్పవూ?" అని అడిగాయి.

తాబేలు సంబరంగా మెడ సాచింది. కాసేపు ఆలోచించి, ఈసారి చివరి నుంచి మొదలుపెట్టింది.

"ఏరు పొంగుతుంది, మిట్ట ఎక్కండి. ఇది నాకెలా తెలిసిందంటే..."

ఒక్క పిట్ట కూడా కునుకు తీయలేదు.