డెబ్బై ఒకటో టోకెన్

"టోకెన్ తీసుకుని కూర్చో" అంది వెర్నా, తలెత్తకుండానే.

"మేడమ్, నేను... రోవన్‌ని!"

"కనబడుతూనే ఉంది. రెండేళ్లు నా పక్కనే కూర్చుని జనాల ఫారాలు నింపావు. వరస తప్పి నేను ఎవరి పనైనా చేయడం చూశావా?"

చూడలేదు. వచ్చిన చిక్కల్లా అదే. కెంటకీ కొండల్లోని ఆ కౌంటీ ఆఫీసుకి సాక్షాత్తూ జడ్జిగారొచ్చినా, గుమ్మం పక్కనున్న ఎర్ర డబ్బాలోంచి చీటీ చింపుకుని కూర్చోవలసిందే.

రోవన్ చింపుకుంది. తొంభై మూడు. కౌంటర్ పైన వెలుగుతున్న అంకె అరవై ఎనిమిది. టైము నాలుగుంబావు.

సరిగ్గా అయిదింటికి, మిగతా చదువు ఖర్చంతా భరించే ఫెలోషిప్ దరఖాస్తుల గడువు ముగిసిపోతుంది. ప్రజాసేవలోకి వెళ్లాలనుకునే కాలేజీ పిల్లలకి రాష్ట్రం మొత్తమ్మీద పన్నెండంటే పన్నెండే. అదీ మూడో ఏడాదిలో ఒక్కసారే రాయనిస్తారు. రోవన్ వ్యాసం వెళ్లింది, మార్కులు వెళ్లాయి, ప్రొఫెసర్ల ఉత్తరాలూ వెళ్లాయి. సేవ చేసిన చోట పై అధికారి రాయవలసిన ఉత్తరం ఒక్కటే ఆగింది. "రేపు పంపిస్తాలే" అంటూ వెర్నా పది రోజులు నెట్టుకొచ్చింది. ఆ ఉత్తరం వెళ్లకపోతే జూన్ నుంచి రోవన్‌కి దిక్కు ఊరి చివర కోడిమాంసం ఫ్యాక్టరీయే. వాళ్లమ్మ పదిహేనేళ్లుగా నిలబడి రెక్కలు కోస్తున్న బల్ల దగ్గరే.

ఉండబట్టలేక మళ్లీ కౌంటర్ దగ్గరికెళ్లింది. "మేడమ్, మీ కాళ్లు పట్టుకుంటాను. అయిదే అయిదు నిమిషాలు."

"ఇక్కడున్న ప్రతివాళ్లదీ అయిదు నిమిషాల పనే తల్లీ. చలికి ఇల్లు వెచ్చబెట్టుకునే గ్యాస్ సాయం అడగడానికి వాళ్లకీ ఇవాళే ఆఖరు. వెళ్లు."

"ఏం పిల్లా, కాలేజీ వాళ్లకి వేరే లైను పెట్టించమంటావా?" అన్నాడు వెనకనుంచి ఓ లావుపాటాయన. నలుగురైదుగురు నవ్వారు.

రోవన్ తల దించుకుని వచ్చి కూర్చుంది. అరవై తొమ్మిది అయింది. డెబ్బై మొదలైంది. నాలుగున్నర దాటింది. ఈ లెక్కన తన నంబరు ఇవాళ రాదుగాక రాదు.

పక్క కుర్చీలో ఒక పెద్దాయన టోపీ ముఖం మీదకి లాక్కుని గురక పెడుతున్నాడు. ఒళ్లో కాగితాలు. వేళ్ల మధ్య జారిపోబోతున్న చీటీ.

డెబ్బై ఒకటి.

ఎలాగూ నిద్రలోనే ఉన్నాడుగా, పిలిచినా వినబడదు, వంతు ఊరికే పోతుంది అనుకుంది రోవన్. ఎంత చక్కటి సాకో! ఆయన వేళ్లలోంచి ఆ చీటీ లాగి, తన తొంభై మూడు అక్కడ పెట్టేసింది.

"డెబ్బై ఒకటి!"

వెర్నా చీటీ అందుకుంది. చీటీని చూసింది. రోవన్‌ని చూసింది. కంప్యూటర్ ముందుకు లాక్కుంది.

"నేను రాసే ఉత్తరం చదవనని సంతకం పెట్టావా?"

"పెట్టాను మేడమ్. పెట్టకపోతే ఉత్తరానికి విలువుండదని కాలేజీలో చెప్పారు."

"అయితే అటు తిరిగి నిలబడు."

రోవన్ అటు తిరిగింది. వెనక టకటకమని చప్పుడు. కాసేపు ఆగింది. మళ్లీ టకటక.

"వెళ్లిపోయింది" అంది వెర్నా.

రోవన్ ఫోన్ మోగింది. మీ దరఖాస్తు పూర్తయింది, అని సందేశం. టైము నాలుగూ నలభై తొమ్మిది. హమ్మయ్య! పోతున్న ప్రాణం తిరిగొచ్చినట్టయింది. కళ్లు తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లింది.

అప్పుడే పెద్దాయనకి మెలకువ వచ్చింది. చీటీని కళ్లకి దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"నాది డెబ్బై ఒకటి కదా... తొంభై మూడు అంటుందేంటి ఇది?"

"కలగని ఉంటావులే తాతా" అన్నాడు లావుపాటాయన.

"కల కాదయ్యా. మా ఇంట్లో గ్యాస్ ట్యాంకు అడుగంటింది. మా ఆవిడ మూడు దుప్పట్లు కప్పుకుని కూర్చునుంది. ఇవాళ పని కాకుండా ఇంటికెళ్లి దాని ముఖం ఎలా చూడను?"

తలుపు మీద చెయ్యేసిన రోవన్ ఆగిపోయింది. ఎంత పాడు పని చేశాను దేవుడా అనుకుంది. గిరుక్కున తిరిగి కౌంటర్ దగ్గరికి పరిగెత్తింది.

"మేడమ్, ఆయన చీటీ నేను దొంగిలించాను."

"తెలుసు" అంది వెర్నా.

"తె... తెలుసా?"

"ఆయనకి చేతులు వణుకుతాయి. డబ్బాలోంచి డెబ్బై ఒకటి చింపి ఆయన చేతిలో పెట్టింది నేనే. పిలుచుకురా. ఆయన వంతు ఇంకా అవలేదు."

రోవన్ పెద్దాయనని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఫారం తనే నింపింది. వెర్నా ముద్ర వేసేసరికి అయిదుకి రెండు నిమిషాలుంది. "చల్లగా ఉండు తల్లీ" అంటూ ఆయన రోవన్ తల నిమిరి వెళ్లాడు. ఆ మాటకి రోవన్ సిగ్గుతో చచ్చిపోయింది.

మిగిలినవాళ్లు గొణుక్కుంటూ లేచారు. వెర్నా కౌంటర్ షట్టర్ కిందికి లాగడం మొదలుపెట్టింది.

"మేడమ్, తెలిసి కూడా ఉత్తరం రాశారా?"

"రాశాను. నేను చూసిందంతా రాశాను."

రోవన్ షట్టర్ అంచు పట్టుకుంది. "తర్వాత నేనే వచ్చి చెప్పాను కదా! అది కూడా కలపండి మేడమ్, ఇంకా ఒక్క నిమిషం ఉంది!"

"ఒకసారి పంపాక మార్చనివ్వరు."

"పోనీ, ఏం రాశారో అదైనా చెప్పండి మేడమ్!"

షట్టర్ అడుగు సందులోంచి వెర్నా గొంతు మాత్రం వినిపించింది.

"చదవనని సంతకం పెట్టావుగా."