పైకప్పు చప్పుడు

"బాపూ, ఆపు! పది నిమిషాల్ల నాకు మీటింగుంది!"

ఓదెలు ఆపలేదు. కూతురు రజిత ఇంట్లోనే పెట్టుకున్న కొత్త ఆఫీసు గది గుమ్మంలో నిలబడి, గడ్డపారతో తెల్లటి ఫాల్స్ సీలింగును కొడుతున్నాడు. గనిలో ముప్పై ఏళ్లు పైకప్పును అట్లా కొట్టి, చప్పుడు విన్నాకే అడుగు ముందుకు వేసిన మనిషి.

"బయటికి నడువు బిడ్డా."

"లోపల ఖాళీ ఉంటది, గట్లనే మోగుతది. నీ బొగ్గుబాయి గాదిది!"

"ఖాళీ చప్పుడు గాదిది. పైన బరువు కూసున్నది."

రజిత గడ్డపార పట్టుకుని లాగింది. ఓదెలు ఒక్క తోపు తోశాడు. తలుపుకు కొట్టుకుని ఆమె పెదవి చిట్లింది.

"నువ్వు మనిషివేనా?" నెత్తురు ఉమ్ముతూ అరిచింది.

ఆయన గడ్డపార ఎత్తి బలంగా పొడిచాడు. లైట్లు పేలాయి. పలకలతో పాటు తిరగలంత శ్లాబు పెచ్చు ఊడి, రజిత కుర్చీ మీద పడింది. కుర్చీ వీపు విరిగిపోయింది.

దుమ్ములోంచి పైకి చూశాడు ఓదెలు. శ్లాబు నిండా పగుళ్లు.

"ఇవి ముందే ఉండెనా?"

"వీడియోల మంచిగ కనబడదని కప్పిచ్చిన."

ఆయన చేతిలోంచి గడ్డపార జారింది. రజిత దాన్ని తీసి మళ్లీ ఆయన చేతికే ఇచ్చింది.

"పండుకునే అర్ర గూడ కప్పిచ్చిన బాపూ. కొట్టి చూడు."