కుడివైపు చిల్లు

ట్యాంకులో నీళ్లు చూడాలి, మోటారు చప్పుడు వినాలి, పైపు తడమాలి, ఆఖర్న కారు ముందద్దం మీదికి నీళ్లు చిమ్మే చిల్లుల్ని పిన్నీసుతో పొడవాలి. పోయినేడు చనిపోయిన మెకానిక్ చంద్రశేఖరం బాబాయి నేర్పిన వరుస ఇది.

ఆయాసపడుతున్న అమ్మని తిరువూరు నుంచి విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు అనుదీప్. ఎ.కొండూరు దాటాక లారీలు చిమ్మే బురదకి అద్దం పదేపదే మూసుకుపోతుంటే చీకట్లో కారు ఆపాడు. మోటారు మోగుతోంది, నీళ్లు మాత్రం రావట్లేదు. దసరా పూజకి తను పూసిన గంధమే చిల్లుల్లో గట్టిపడింది. అమ్మ గాజులకున్న పిన్నీసుతో ఎడమది పొడిచాడు. తను చూడాల్సిన కుడివైపుకి వచ్చేసరికి పిన్నీసు విరిగింది.

ఏం చెయ్యాలో తోచక లోపల కూర్చుని మీట నొక్కాడు. రెండువైపులా నీళ్లు చిమ్మాయి.

"కుడివైపు పొడిచిన పెద్దాయన్ని కూడా ఎక్కించుకోరా, చీకట్లో వదిలేస్తావా?" అంది అమ్మ.

బయట ఎవరూ లేరు. ఆకు కూడా కదల్లేదు. అనుదీప్ ఆ చీకటికే దణ్ణం పెట్టి బయల్దేరాడు.

అమ్మ దక్కింది. మీ కారుకి గంధం పెట్టేటప్పుడు చంద్రశేఖరం బాబాయిని ఒక్కసారి తలుచుకోండి.