ఎర్ర జెండాలు

"ఈసారి పిట్టల గుడ్లకి ఢోకా లేదురా," అంది అక్క, పని నుంచి వచ్చిన తమ్ముడికి టీ అందిస్తూ. "ఇసుకలో కలిసిపోయి కనబడి చావవుగా! అందుకే పొద్దున్నే సముద్రం ఒడ్డంతా తిరిగి, ప్రతి గూటి పక్కనా ఎర్ర జెండా పాతాను. పొక్లెయిన్ తోలేవాడు ఎంత కళ్లు నెత్తికెక్కినవాడైనా, చూసి తప్పుకుంటాడు."

తమ్ముడు గ్లాసు కింద పెట్టాడు. పొక్లెయిన్‌తో సహా తనని ఒడ్డున కట్టే హోటల్ పనికి మార్చింది ఇవాళే.

"ఎర్రవేనా అక్కా?"

"ఆఁ. ఏం?"

"పునాది గుంటలు తీయాల్సిన చోట ఎర్ర జెండాలుంటాయన్నాడు మేస్త్రీ. కనబడ్డ చోటల్లా తవ్వేశాను."

అక్క గోడకి చేరగిలబడింది. "ఒక్కటైనా వదిలావా?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

"పిట్టలొచ్చి పొక్లెయిన్ అద్దానికేసి కొట్టుకుంటుంటే, వీటికేం పోయేకాలమొచ్చిందని తిట్టుకున్నానక్కా."